సమయ సర్వర్ల భద్రత

సమయ సర్వర్ల భద్రత అనగా కంప్యూటరు నెట్‌వర్కులలోని గడియారాలన్నింటినీ ఒకే సమయానికి సరిచేసే సర్వర్లను, దూరం నుండి జరిగే దాడులకు లోనుకాకుండా కాపాడే పద్ధతుల సముదాయం. ఇంటర్నెట్టులో ఈ పనికి అత్యధికంగా వాడబడే విధానం నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ (ఎన్.టి.పి.). దీనిని అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ఎల్. మిల్స్ (1938–2024) రూపొందించాడు. దీని తొలి వివరణ పత్రం 1985లోను, ప్రస్తుతం వాడుకలో ఉన్న నాలుగవ రూపానికి చెందిన ప్రమాణం 2010లోను వెలువడ్డాయి.

సమయ సర్వరు అడిగిన ప్రతివారికీ, వారెవరో విచారించకుండానే సమాధానమిస్తుంది. దాని ఉపయోగమూ, దాని బలహీనతా రెండూ ఈ గుణంలోనే ఉన్నాయి. 2001 నుండి బయటపడిన పెద్ద లోపాలను పరిశీలిస్తే, వాటిలో ఎక్కువ భాగం సమయం చెప్పే భాగంలో కాక, దాని చుట్టూ చేర్చిన అదనపు సౌకర్యాలలో ఉన్నట్లు తెలుస్తుంది. అందువలన బయటివారికి సమయం చెప్పడం తప్ప మరే పనీ చేయని విధంగా సర్వరును అమర్చుకోవడమే ఈ భద్రతకు మూలసూత్రం.

ప్రాముఖ్యత

ప్రతి కంప్యూటరులోను ఒక స్ఫటిక గడియారం ఉంటుంది. ఉష్ణోగ్రతను బట్టి, స్ఫటికపు నాణ్యతను బట్టి ఇది రోజుకు కొన్ని సెకన్ల వరకు ముందుకో వెనుకకో జరగవచ్చు. ఒంటరిగా ఉన్న యంత్రానికి దీనివలన పెద్ద ఇబ్బంది లేదు. అనేక యంత్రాలు కలిసి పనిచేసేటప్పుడు మాత్రం గడియారాల మధ్య తేడా సమస్యగా మారుతుంది.

భద్రతకు సంబంధించిన ఏర్పాట్లలో అనేకం సమయంపైనే ఆధారపడి ఉన్నాయి. వెబ్‌సైట్ల డిజిటల్ ధ్రువపత్రాలకు ప్రారంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కంప్యూటరు గడియారాన్ని ఎవరైనా వెనుకకు తిప్పగలిగితే, గడువు తీరిన ధ్రువపత్రం కూడా చెల్లుబాటు అయ్యేదిగా కనిపిస్తుంది. కార్యాలయ నెట్‌వర్కులలో వాడే కెర్బెరోస్ అనే గుర్తింపు విధానం సాధారణంగా 5 నిమిషాలకు మించిన తేడాను అంగీకరించదు. గడియారం అంతకన్నా తప్పితే ఉద్యోగులు తమ కంప్యూటర్లలోకి ప్రవేశించలేరు. ఫోనులోని యాప్ ప్రతి 30 సెకన్లకు మార్చి చూపే సంకేత సంఖ్యలు కూడా సమయాన్ని ఆధారంగా చేసుకొని లెక్కించబడేవే.

నేర పరిశోధనలో దీని ప్రాముఖ్యత మరింత ఎక్కువ. ఒక చొరబాటు ఏ యంత్రంలో మొదలై ఎటు వ్యాపించినదో తెలుసుకోవాలంటే, వేర్వేరు యంత్రాల లాగ్ నమోదులను వరుసలో పెట్టి చూడాలి. గడియారాలు ఏకీభవించకపోతే ఆ వరుస తారుమారవుతుంది.

పనిచేసే విధానం

ఎన్.టి.పి.లో సర్వర్లు అంచెలుగా ఏర్పాటై ఉంటాయి. ఈ అంచెను స్ట్రాటమ్ అంటారు. పరమాణు గడియారం, ఉపగ్రహ సంకేతాలను అందుకొనే గ్రాహకం వంటివి 0వ అంచె. వాటికి నేరుగా కలిపిన సర్వర్లు 1వ అంచె. వాటి నుండి సమయం తీసుకొనేవి 2వ అంచె. ఈ విధంగా 15వ అంచె వరకు ఉండవచ్చు. 16 అనే సంఖ్య, ఆ యంత్రం ఎవరితోనూ సమయం సరిచూసుకోలేదని సూచిస్తుంది.

సమాచార మార్పిడి యు.డి.పి. విధానంలో, 123వ పోర్టు ద్వారా జరుగుతుంది. ప్రాథమిక పాకెట్టు పరిమాణం 48 బైట్లు మాత్రమే. ఒక్కొక్క మార్పిడిలో నాలుగు సమయాలు నమోదవుతాయి: అభ్యర్థన బయలుదేరిన సమయం, అది సర్వరును చేరిన సమయం, సమాధానం సర్వరు నుండి బయలుదేరిన సమయం, అది తిరిగి చేరిన సమయం.

ఉదాహరణకు ఒక కంప్యూటరు తన గడియారం ప్రకారం 0 మిల్లీసెకన్ల వద్ద ప్రశ్న పంపినదనుకొందాం. సర్వరు తన గడియారం ప్రకారం 130 వద్ద దానిని అందుకొని, 131 వద్ద బదులు పంపినది. ఆ బదులు కంప్యూటరుకు తన గడియారం ప్రకారం 61 వద్ద చేరినది. రాకపోకలకు మొత్తం 61 మిల్లీసెకన్లు కాగా, అందులో 1 మిల్లీసెకను సర్వరు వద్ద గడిచినది. కనుక దారిలో గడిచినది 60. రెండు దిశలలోను సమానంగా 30 చొప్పున పట్టినదని భావిస్తే, కంప్యూటరు గడియారం 100 మిల్లీసెకన్లు వెనుకబడి ఉన్నదని తేలుతుంది.

ఈ లెక్కలో రెండు నమ్మకాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది, బదులిచ్చినది నిజమైన సర్వరే అన్నది. రెండవది, వెళ్ళే దారి, వచ్చే దారి ఒకే నిడివి గలవన్నది. సాధారణ ఎన్.టి.పి. పాకెట్టులో పంపినవారిని నిర్ధారించే ముద్ర ఏదీ ఉండదు. పైగా యు.డి.పి.లో పంపినవారి చిరునామాను మార్చి రాయడం కష్టం కాదు.

దాడుల రకాలు

సాఫ్టువేరు లోపాల ద్వారా చొరబాటు

ఎన్.టి.పి. కొరకు చాలాకాలం ప్రధానంగా వాడిన ప్రోగ్రాము ఎన్.టి.పి.డి. దీనిలో సమయం చెప్పడంతో పాటు, సర్వరు స్థితిని దూరం నుండి తెలుసుకొనే ప్రశ్నలకు 6వ విధం, 7వ విధం అనే పాకెట్లు ఏర్పాటు చేయబడ్డాయి. నిర్వాహకుల సౌకర్యం కోసం చేసిన ఈ ఏర్పాటే పలు లోపాలకు నిలయమైనది.

2001 ఏప్రిల్‌లో, స్థితి ప్రశ్నలను చదివే భాగంలో ఒక బఫర్ పొంగు లోపం బయటపడినది. సమాచారం కోసం కేటాయించిన స్థలం కన్నా ఎక్కువ సమాచారాన్ని పంపి, పక్కనున్న జ్ఞాపకస్థలాన్ని చెరిపి, దాడిచేసేవారు తమ ఆదేశాలను అక్కడ నిలపడాన్ని బఫర్ పొంగు అంటారు. ఆ కాలంలో ఎన్.టి.పి.డి. సాధారణంగా యంత్రంపై పూర్తి అధికారంతో నడిచేది. అందువలన ఈ లోపంతో మొత్తం యంత్రమే పరుల వశమయ్యే ప్రమాదం ఏర్పడినది.

2014 డిసెంబరులో ఇటువంటి లోపాలే మరికొన్ని వెలుగుచూశాయి. గూగుల్ భద్రతా బృందానికి చెందిన నీల్ మెహతా, స్టీఫెన్ రోట్గర్ వీటిని కనుగొన్నారు. 4.2.8 కన్నా ముందరి రూపాలన్నింటిలోను ఇవి ఉన్నాయి. సి.వి.ఇ-2014-9295 అనే సంఖ్యతో నమోదైన లోపం మూడు చోట్ల బఫర్ పొంగుకు సంబంధించినది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒకే ఒక పాకెట్టుతో, ఎన్.టి.పి.డి.కి ఉన్న అధికారాలన్నీ దాడిచేసేవారికి దక్కే అవకాశం ఉండేది. ఈ మూడింటిలో ఒకటి ఆటోకీ అనే పాత ధ్రువీకరణ విధానాన్ని వాడేవారికి మాత్రమే వర్తిస్తుంది. రెండవది స్థితి ప్రశ్నలకు సమాధానమిచ్చే సర్వర్లకు వర్తిస్తుంది. మూడవది దూరం నుండి అమరికలు మార్చే సౌకర్యానికి చెందినది. అప్పుడే బయటపడిన మరి రెండు లోపాలు, రహస్య సంకేతాలను తయారుచేయడంలో వాడిన యాదృచ్ఛిక సంఖ్యలు బలహీనంగా ఉండటానికి సంబంధించినవి.

ఆపిల్ సంస్థ 2014 డిసెంబరు 22న ఈ లోపానికి సవరణను, వాడుకరి అనుమతి కొరకు వేచి ఉండకుండా, తన కంప్యూటర్లకు స్వయంగా పంపినది. ఆ సంస్థ అలా చేయడం అదే మొదటిసారి. ప్రశ్నలకు బదులివ్వవద్దని ముందే ఆంక్ష పెట్టుకొని, ఆటోకీని వాడని సర్వర్లు మాత్రం సవరణ అందక మునుపే ఈ బఫర్ పొంగు దాడుల నుండి చాలావరకు రక్షణ పొందాయి.

పరావర్తన దాడులు

ఈ రకం దాడిలో సర్వరుకు నేరుగా హాని జరగదు; సర్వరును ఆయుధంగా మలచి మరొకరిపై ప్రయోగిస్తారు. దాడిచేసేవారు బాధితుని చిరునామాను పంపినవారి చిరునామాగా రాసి సర్వరుకు చిన్న ప్రశ్న వేస్తారు. సర్వరు తన పెద్ద సమాధానాన్ని బాధితునికి పంపుతుంది. ఇటువంటి సర్వర్లు వేల సంఖ్యలో ఒకేసారి బదులిస్తే బాధితుని నెట్‌వర్కు స్తంభించిపోతుంది.

దీనికి అనువుగా దొరికినది మాన్‌లిస్ట్ అనే ఆదేశం. సర్వరుతో ఇటీవల సంభాషించిన 600 వరకు చిరునామాల జాబితాను ఇది పంపుతుంది. సమాధానం ప్రశ్నకన్నా 556.9 రెట్ల వరకు పెరగగలదని అమెరికా ప్రభుత్వ కంప్యూటరు అత్యవసర బృందం ప్రకటించినది. 2014 ఫిబ్రవరి 10న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ వినియోగదారు ఒకరిపై జరిగిన దాడి సెకనుకు దాదాపు 400 గిగాబిట్ల స్థాయికి చేరినది. ఆ సంస్థ లెక్క ప్రకారం ఇందుకు వాడబడిన సమయ సర్వర్లు 4,529 మాత్రమే. అవి 1,298 నెట్‌వర్కులలో విస్తరించి ఉన్నాయి.

నిజానికి మాన్‌లిస్ట్ ఆదేశాన్ని 2010లోనే అభివృద్ధి దశలోని రూపం నుండి తొలగించారు. కాని సాధారణ వాడుకలోని స్థిర రూపం 4.2.6 మాత్రం దానిని కలిగియే కొనసాగినది. తరువాతి స్థిర రూపం 4.2.8 వెలువడినది 2014 డిసెంబరులో. ఈ నాలుగు సంవత్సరాల వ్యవధి దాడులకు అవకాశమిచ్చినది.

తప్పుడు సమయాన్ని నమ్మించడం

2015 అక్టోబరులో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంచల్ మల్హోత్రా, ఐజాక్ కోహెన్, ఎరిక్ బ్రాకే, షారన్ గోల్డ్‌బర్గ్ ఒక పరిశోధన పత్రాన్ని వెలువరించారు. ఎన్.టి.పి.లో, అతిగా ప్రశ్నలు వేసే కంప్యూటరును కాస్త ఆగమని కోరడానికి సర్వరు పంపే ఒక ప్రత్యేక సందేశం ఉన్నది. దీనిని సర్వరు పేరుతో ఎవరైనా నకిలీగా పంపితే, ఆ కంప్యూటరు చాలాకాలం సమయం అడగడమే మానివేస్తుందని వారు నిరూపించారు. దారి మధ్యలో లేనివారు కూడా ఈ దాడి చేయగలగడం దీని ప్రత్యేకత. ఆ నెలలోనే వెలువడిన 4.2.8పి4 రూపంలో దీనికి సవరణ చేశారు.

సాధారణంగా 1000 సెకన్లకు మించిన తేడా కనిపిస్తే ఎన్.టి.పి.డి. ఏదో పొరపాటు జరిగినదని భావించి తన పని ఆపివేస్తుంది. అయితే యంత్రం మొదలైన వెంటనే ఒకసారి ఎంత తేడానైనా అంగీకరించే ఏర్పాటును అనేక వ్యవస్థలు వాడుతాయి. దాడిచేసేవారికి ఆ క్షణం అనువైనది.

దాడి ఏదీ లేకుండానే తప్పుడు సమయం ఎంత నష్టం చేయగలదో 2012 నవంబరు 19న తెలిసినది. అమెరికా నౌకాదళ వేధశాలకు చెందిన రెండు సర్వర్లు ఆ రోజు కొంతసేపు 2000వ సంవత్సరాన్ని చూపాయి. వాటిపై ఆధారపడిన అనేక కార్యాలయాల లాగిన్ వ్యవస్థలు, టెలిఫోను వ్యవస్థలు, రౌటర్లు ఇబ్బందులకు లోనయ్యాయి. ఒకే ఆధారాన్ని నమ్ముకోరాదని దీని నుండి గ్రహించవచ్చు.

రక్షణ పద్ధతులు

ఇంటర్నెట్టు ప్రమాణాల సంస్థ 2019 జూలైలో ఎన్.టి.పి. నిర్వహణకు ఉత్తమ పద్ధతుల పత్రాన్ని విడుదల చేసినది. ఆ పత్రంలోని సూచనలు, నిర్వాహకుల వాడుకలోని ఇతర జాగ్రత్తలు కలిపి ముఖ్యమైనవి ఇవి:

1. అవసరం లేనిచోట సర్వరును నడపరాదు. చాలా కంప్యూటర్లకు సమయం అడిగే శక్తి చాలు, చెప్పవలసిన పని లేదు. క్రోనీ అనే ప్రోగ్రాము, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఇతరులకు సమయం చెప్పదు.

2. స్థితి ప్రశ్నలను నిరాకరించాలి. ఎన్.టి.పి.డి. అమరికల ఫైలులో నోక్వెరీ, నోమాడిఫై, నోట్రాప్, నోపీర్ అనే ఆంక్షలు అందరికీ వర్తించేలా రాసి, నిర్వాహకుని యంత్రానికి మాత్రమే మినహాయింపు ఇవ్వాలి. ఐ.పి.వి6 చిరునామాలకు కూడా ఇదే ఆంక్ష విడిగా వర్తింపజేయాలి. దీనిని మరచిపోవడం తరచు జరిగే పొరపాటు.

3. సాఫ్టువేరును నవీకరించాలి. సర్వర్లతో పాటు రౌటర్లు, కెమేరా రికార్డర్లు, ప్రింటర్లు వంటి పరికరాలలోను ఎన్.టి.పి. ప్రోగ్రాము ఉంటుంది. వీటికి సవరణలు ఆలస్యంగా వస్తాయి. కొన్నింటికి అసలే రావు. అటువంటి వాటిని ఫైర్‌వాలు వెనుక ఉంచి, 123వ పోర్టును బయటివారికి మూసివేయాలి.

4. అధికారాలను తగ్గించాలి. సమయ ప్రోగ్రాము సాధారణ వాడుకరి హోదాలో, పరిమిత ఫైళ్ళు మాత్రమే కనిపించే చోట నడవాలి. అప్పుడు లోపం బయటపడినా నష్టం ఆ ప్రోగ్రాముకే పరిమితమవుతుంది.

5. కనీసం నాలుగు ఆధారాలను వాడాలి. ఒకే ఆధారం ఉంటే అది తప్పినా తెలియదు. రెండు ఉండి విభేదిస్తే ఏది నిజమో తేలదు. మూడు ఉంటే తప్పినదానిని గుర్తించవచ్చు. నాలుగవది, ఒకటి ఆగిపోయినప్పటికీ ఈ పోలిక కొనసాగడానికి ఉపకరిస్తుంది.

6. ధ్రువీకరణను వాడాలి. సంస్థ లోపలి సర్వర్ల మధ్య ఉమ్మడి రహస్య సంకేతం చాలు. పాత ఎండి5 పద్ధతికి బదులు ఏ.ఇ.ఎస్-సిమాక్ పద్ధతిని వాడాలని 2019 జూన్‌లో ప్రమాణం వచ్చినది. బయటి సర్వర్లకు నెట్‌వర్క్ టైమ్ సెక్యూరిటీ (ఎన్.టి.ఎస్.) అనే విధానం 2020లో ప్రమాణంగా వెలువడినది. ఇందులో తొలుత 4460వ పోర్టు ద్వారా ధ్రువపత్రం సరిచూసి సంకేతాలు మార్చుకొంటారు; ఆ పైన వచ్చే ప్రతి సమయ పాకెట్టుకు ముద్ర ఉంటుంది. ఆటోకీని వాడరాదు.

7. చిరునామాల మోసాన్ని మూలంలోనే అరికట్టాలి. తమ నెట్‌వర్కుకు చెందని చిరునామాతో బయటకు పోయే పాకెట్లను ఇంటర్నెట్టు సేవాసంస్థలే ఆపివేయాలని 2000 సంవత్సరంలోనే సూచన వెలువడినది. అందరూ దానిని పాటిస్తే పరావర్తన దాడులకు ఆస్కారమే ఉండదు.

భారతదేశంలో

భారత ప్రామాణిక కాలం సమన్వయ సార్వత్రిక కాలానికి 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. దీనికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తర ప్రదేశ్‌లోని మీర్జాపూర్ వద్ద, ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడకు సమీపంలో పోతుంది. ఈ కాలాన్ని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాల సహాయంతో నిర్వహిస్తుంది.

భారతీయ కంప్యూటరు అత్యవసర ప్రతిస్పందన బృందం (సెర్ట్-ఇన్) 2022 ఏప్రిల్ 28న, సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 70బి సెక్షను కింద ఆదేశాలు జారీ చేసినది. వీటి ప్రకారం సేవాసంస్థలు, డేటా కేంద్రాలు, కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ గడియారాలను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (ఎన్.ఐ.సి.) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సర్వర్లతో గాని, వాటిని అనుసరించే సర్వర్లతో గాని సరిచూసుకోవాలి. పలు దేశాలలో యంత్రాలు ఉన్న సంస్థలు వేరే ఆధారాన్ని వాడవచ్చును గాని, దాని సమయం పై రెండింటి నుండి తప్పిపోరాదు. భద్రతా సంఘటనలను 6 గంటలలోగా తెలపాలని, లాగ్ నమోదులను 180 రోజులు భద్రపరచాలని కూడా ఈ ఆదేశాలలో ఉన్నది. సమయం, నమోదులు, సంఘటన నివేదిక ఒకే ఆదేశంలో చోటుచేసుకోవడం వాటి పరస్పర సంబంధాన్ని తెలుపుతుంది.

హైదరాబాదులో

తెలుగునాట ఈ విషయానికి హైదరాబాదుతో దగ్గరి సంబంధం ఉన్నది. ఎన్.ఐ.సి. జాతీయ డేటా కేంద్రాలలో ఒకటి ఈ నగరంలో కలదు. పంజాగుట్టకు కొద్ది దూరంలో మాసబ్‌ట్యాంకు వద్ద ఉన్న బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ (ఐ.డి.ఆర్.బి.టి.) భారతీయ రిజర్వు బ్యాంకు ద్వారా 1996లో స్థాపించబడినది. వివిధ బ్యాంకుల ఏ.టి.ఎం.లను కలిపే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో ప్రారంభించినది ఈ సంస్థయే; 2009లో దాని నిర్వహణ జాతీయ చెల్లింపుల సంస్థకు బదిలీ అయినది. ఒక బ్యాంకు కార్డుతో మరొక బ్యాంకు యంత్రంలో డబ్బు తీసుకొన్నప్పుడు వివాదం వస్తే, రెండు బ్యాంకుల నమోదులను పక్కపక్కన పెట్టి చూడాలి. వాటి సమయాలు పొసగినప్పుడే ఆ పరిశీలన సాఫీగా సాగుతుంది.

నిఘా కెమేరాల విషయంలో ఈ సమస్య సామాన్య వ్యాపారులకు కూడా ఎదురవుతుంది. 2013లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత (చర్యల అమలు) చట్టం ప్రకారం, ఒకేసారి 100 మంది లేదా రోజుకు 500 మంది వచ్చిపోయే సంస్థలు కెమేరాలు అమర్చి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలి. అమీర్‌పేట, పంజాగుట్టల దుకాణాలు, శిక్షణ కేంద్రాలు, వాటికి చేరువలో సినీ కార్మికులు అధికంగా నివసించే కృష్ణానగర్ వంటి రద్దీ ప్రాంతాలలోని వ్యాపార స్థలాలు ఇటువంటి నిబంధనలు వర్తించదగిన చోట్లు. ఒక వీధిలోని నాలుగు దుకాణాల రికార్డర్లు నాలుగు వేర్వేరు సమయాలు చూపితే, ఒక వ్యక్తి ఏ దుకాణం ముందు నుండి ఎప్పుడు పోయాడో వరుసగా చెప్పడం కష్టమవుతుంది. దృశ్యంలో కనిపించే సమయం పది నిమిషాలు తప్పినా, నిర్దోషి మీద అనుమానం కలగవచ్చు. దోషికి తప్పించుకొనే వాదన దొరకవచ్చు. ఎలక్ట్రానిక్ ఆధారాలను కోర్టులో ప్రవేశపెట్టడానికి 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ధ్రువపత్రాన్ని కోరుతుంది. దృశ్యం అసలైనదని ఈ ధ్రువపత్రం తెలిపినప్పటికీ, రికార్డరు గడియారం తప్పి ఉంటే ఆ తప్పు సరికాదు.

ఇంటి నుండి ఫోనులో దృశ్యాలు చూడటానికి వీలుగా కొందరు కెమేరా రికార్డరును రౌటరు ద్వారా నేరుగా ఇంటర్నెట్టుకు తెరచి ఉంచుతారు. పోర్టులన్నీ తెరచినచో రికార్డరులోని పాత ఎన్.టి.పి. ప్రోగ్రాము కూడా బయటికి కనిపిస్తుంది. పరావర్తన దాడులకు దొరికేవి ఇటువంటి పరికరాలే. రికార్డరు బయటికి సమయం అడగగలిగి, బయటివారు దానిని ఏమీ అడగలేని విధంగా రౌటరును అమర్చడం దీనికి తగిన ఉపాయం.

అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలు సాఫ్టువేరు శిక్షణ సంస్థలకు ప్రసిద్ధి. లినక్స్ నిర్వహణ, నెట్‌వర్కు పాఠాలు నేర్చుకొనేవారికి సమయ సర్వరు అమరిక ఒక చిన్న అభ్యాసం. సమయం సరిగా వస్తున్నదా అని చూడటంతో పాటు, మరొక యంత్రం నుండి స్థితి ప్రశ్న వేసి, బదులు రాకుండా ఉన్నదా అని కూడా పరీక్షించినప్పుడే ఆ అభ్యాసం పూర్తయినట్లు.

పరిమితులు

ధ్రువీకరణ అన్ని దాడులనూ ఆపలేదు. దారి మధ్యలో ఉన్నవారు పాకెట్టును మార్చకుండా, దానిని కాసేపు నిలిపి పంపవచ్చు. పైన ఇచ్చిన ఉదాహరణలో బదులును 40 మిల్లీసెకన్లు ఆపినచో లెక్కలో తేడా 100కు బదులు 80గా వస్తుంది. అనగా ఆపిన వ్యవధిలో సగం మేర తప్పు దొర్లుతుంది. ముద్ర సరిగానే ఉంటుంది కనుక మోసం బయటపడదు. వేర్వేరు దారులలో ఉన్న పలు ఆధారాలను పోల్చడమే దీనికి కొంతవరకు పరిష్కారం.

మరొక చిక్కు ప్రారంభ దశకు సంబంధించినది. ఎన్.టి.ఎస్.లో సర్వరు ధ్రువపత్రం చెల్లుతుందో లేదో చూడటానికి సమయం తెలియాలి. ఆ సమయం తెలుసుకోవడానికే సర్వరును అడగవలసి వస్తున్నది. బ్యాటరీ లేని చిన్న పరికరాలలో ఈ చిక్కు ఎక్కువ. చివరిసారి తెలిసిన సమయాన్ని ఫైలులో భద్రపరచి, దానికన్నా వెనుకకు పోకుండా చూడటం వంటి ఉపాయాలు వాడుకలో ఉన్నాయి.

ఉపగ్రహ సంకేతాలపై ఆధారపడే సర్వర్లకు కూడా ముప్పు లేకపోలేదు. భూమిని చేరేసరికి ఈ సంకేతాలు చాలా బలహీనంగా ఉంటాయి కనుక, సమీపంలోని ప్రసారిణితో వాటిని అడ్డగించడం గాని అనుకరించడం గాని సాధ్యమే. అందువలన ముఖ్యమైన సంస్థలు ఉపగ్రహ గ్రాహకంతో పాటు, కొన్ని రోజులపాటు స్వయంగా సమయాన్ని నిలుపుకోగల నాణ్యమైన గడియారాన్ని కూడా ఉంచుకొంటాయి.

ఇవి కూడా చూడండి

భారత ప్రామాణిక కాలం
పరమాణు గడియారం
ఫైర్‌వాలు
సమాచార సాంకేతిక చట్టం, 2000
అమీర్‌పేట